వ్యాట్ కాలపు కోడ్‌ను తొలగించిన తీరు: నా అనుభవం

హైదరాబాద్‌లోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థలో నేను ప్రోగ్రామర్‌గా పనిచేస్తున్నాను. మేము తయారుచేసే సాఫ్ట్‌వేర్ టోకు వర్తకుల బిల్లులు, సరుకు నిల్వలు, పన్ను లెక్కలు చూస్తుంది. బేగంబజార్‌లో కిరాణా సరుకు టోకున అమ్మేవారు, రాణీగంజ్‌లో పైపులు, మోటార్లు అమ్మేవారు, మందుల డిస్ట్రిబ్యూటర్లు, నగరం శివార్లలో రహదారుల వెంట పెట్రోల్ బంకులు నడిపేవారు మా ఖాతాదారులు. 2005 ఏప్రిల్ 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వ్యాట్ (అమ్మకాల మీద వేసే విలువ ఆధారిత పన్ను) అమలులోకి వచ్చిన రోజుల్లో ఈ ప్రోగ్రామ్ తొలి రూపం తయారైంది. అప్పటి నుంచి ఇందులోకి కోడ్ వచ్చి చేరుతూనే ఉంది గాని బయటికి పోయింది దాదాపు ఏమీ లేదు. అందులో వాడుక తీరిపోయిన భాగం ఏదో గుర్తించి, నిర్ధారించుకుని, తొలగించే బాధ్యత నాకు అప్పగించారు.

మా కోడ్ ఎందుకు అంతగా పెరిగిందో చెప్పాలంటే ఇటీవలి మన చరిత్ర కొంత చెప్పాలి. 2014 జూన్ 2న రాష్ట్రం రెండుగా విడిపోయింది. 2015 నవంబరు 15న సేవా పన్నుకు స్వచ్ఛ భారత్ సెస్సు, 2016 జూన్ 1న కృషి కల్యాణ్ సెస్సు తోడయ్యాయి. 2016 అక్టోబరులో తెలంగాణ జిల్లాలు 10 నుంచి 31కి పెరిగాయి, 2019 ఫిబ్రవరిలో 33 అయ్యాయి. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది, మరుసటి ఏప్రిల్‌లో సరుకు రవాణాకు ఈ-వే బిల్లు వచ్చింది, 2020 అక్టోబరులో ముందుగా పెద్ద సంస్థలకు ఈ-ఇన్‌వాయిస్ తప్పనిసరి అయింది. 2024 మార్చిలో కొత్త వాహనాల నంబర్లు టీఎస్ నుంచి టీజీకి మారాయి. వీటిలో ప్రతి మార్పూ ఒక గడువుతో వచ్చింది. గడువు దగ్గర పడినప్పుడు ప్రోగ్రామర్లు కొత్త నిబంధనకు కొత్త కోడ్ రాస్తారు, పాతదాన్ని తర్వాత చూద్దామని పక్కన ఉంచుతారు. ఆ తర్వాత అనే రోజు రాకముందే మరో ఉత్తర్వు వస్తుంది. ఇందులో ఏ ఒక్కరి నిర్లక్ష్యమూ లేదని, ఆ కమిట్‌ల (కోడ్‌లో చేసిన మార్పుల నమోదుల) తేదీలను వరుసగా చదివినప్పుడు నాకు స్పష్టంగా అర్థమైంది. 2017 జూన్ నెల చివరి వారపు కమిట్‌లలో చాలావాటి సమయం అర్ధరాత్రి దాటే ఉంది.

తొలగింపు పని చేపట్టడానికి వెంటనే కారణమైంది మా ప్రోగ్రామింగ్ భాష జావా వెర్షన్ మార్పు. అప్పట్లో మేము జావా 8 మీద ఉన్నాము, 17కు మారాల్సి వచ్చింది. 2018 సెప్టెంబరులో వచ్చిన జావా 11 నుంచే జాక్స్‌బీ (ఎక్స్ఎంఎల్ ఫైళ్లను చదివి రాసేది), కోర్బా (వేర్వేరు కంప్యూటర్లలోని ప్రోగ్రామ్‌లను కలిపేది) వంటి ప్యాకేజీలను జేడీకే (జావాతో వచ్చే సాధనాల కట్ట) నుంచి తీసేశారు. జావా 17 యాప్లెట్లను (బ్రౌజర్‌లో నడిచే చిన్న జావా ప్రోగ్రామ్‌లను) త్వరలో తీసివేయబోయేవిగా ప్రకటించింది. మా ప్రోగ్రామ్‌లో ఇవన్నీ ఉండేవి. మా బృందంలో ఒక అమ్మాయి ఎక్స్ఎంఎల్ ఫైలు తయారుచేసే ఒక మాడ్యూల్‌ను కొత్త జాక్స్‌బీకి మార్చే పనిలో చాలా శ్రమపడి, చివరికి వచ్చి నన్ను ఒక ప్రశ్న అడిగింది: "సార్, ఇది సర్వీస్ ట్యాక్స్ రిటర్న్ ఫైలు కదా, ఇప్పుడు దీన్ని ఎవరు దాఖలు చేస్తున్నారు?" జీఎస్టీ వచ్చాక ఎవరూ చేయడం లేదు. వాడని కోడ్ ఊరికే ఒక మూల పడి ఉండదు. దాన్ని కంపైల్ చేయాలి (కంప్యూటర్ నడపగల రూపంలోకి మార్చాలి), దాని టెస్టులు నడపాలి, భాష మారితే దాన్నీ మార్చాలి, కొత్తగా చేరినవారు దాన్నీ చదివి అర్థం చేసుకోవాలి. ఆ అమ్మాయి ప్రశ్నను మా మేనేజర్ ముందు పెట్టినప్పుడే ఈ పనికి అనుమతి దొరికింది.

సులువైన వాటి గురించి ఎక్కువ చెప్పను. కామెంట్లుగా మార్చి వదిలేసిన పాత వరుసలను, ఎక్కడా పిలవని ప్రైవేట్ మెథడ్‌లను (తమ క్లాసు లోపల మాత్రమే పిలవగల కోడ్ ముక్కలను), వాడని ఇంపోర్ట్‌లను కోడ్ రాసుకునే ఐడీఈ, కోడ్‌ను తనిఖీ చేసే పీఎండీ వంటి సాధనాలు వాటంతట అవే చూపిస్తాయి. కోడ్ మార్పులను దాచే గిట్‌లో చరిత్ర అంతా భద్రంగా ఉన్నప్పుడు కామెంట్ల రూపంలో పాత కోడ్‌ను దాచుకోవలసిన అవసరం లేదు. మొదటి విడతలో ఇవన్నీ పోయాయి, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

అసలు కష్టం ఎక్కడి నుంచైనా పిలవగల పబ్లిక్ క్లాసుల (మెథడ్‌లను కలిపి ఉంచే కోడ్ భాగాల) దగ్గర మొదలైంది. సాధనం ఒక క్లాసును ఎవరూ పిలవడం లేదని చూపినంత మాత్రాన అది వాడుకలో లేనట్టు కాదు. మా ప్రోగ్రామ్‌లో రిపోర్టులను తయారుచేసే క్లాసుల పేర్లు కోడ్‌లో ఉండవు, డేటాబేస్‌లోని ఒక పట్టికలో అక్షరాలుగా ఉంటాయి. ఖాతాదారు మెనూలో ఒక రిపోర్టు నొక్కితే, ప్రోగ్రామ్ ఆ పట్టికలోని పేరు చదివి, రిఫ్లెక్షన్ ద్వారా ఆ క్లాసును అప్పటికప్పుడు తెరుస్తుంది. ఈ సంబంధం కోడ్‌ను మాత్రమే చదివే సాధనానికి కనిపించదు. ఇలాంటిదే మరో చిక్కు కూడా ఉంది. ఒక క్లాసులో మార్పులేని స్థిర విలువలు మాత్రమే ఉంటే, జావా కంపైలర్ వాటిని వాడే చోట్ల నేరుగా ఆ విలువలనే రాసేస్తుంది. దాంతో కంపైలైన ఫైళ్లను పరిశీలించే సాధనాలకు ఆ క్లాసు అనాథగా కనిపిస్తుంది, దాన్ని తీసేస్తే మాత్రం బిల్డ్ (ప్రోగ్రామ్ తయారీ) ఆగిపోతుంది. ఒక ప్రోగ్రామ్‌లోని ఫలానా వరుస ఎప్పటికైనా నడుస్తుందా లేదా అనే ప్రశ్నకు, అన్ని ప్రోగ్రామ్‌ల విషయంలోనూ తప్పకుండా సరైన సమాధానం చెప్పే సాధనం ఉండడం సాధ్యం కాదని 1936లో అలన్ ట్యూరింగ్ ఇచ్చిన నిరూపణ నుంచే తేలుతుంది. మంచి సాధనం దొరికితే చాలు పని పూర్తవుతుందని ఆశించేవారికి నేను ఈ సంగతి ముందే చెబుతాను. సాధనం ఇచ్చేది అనుమానితుల జాబితా మాత్రమే.

టెస్టులు కూడా మనల్ని తప్పుదారి పట్టించగలవు. మా కవరేజీ నివేదికలో సేవా పన్ను మాడ్యూల్ అంతా పచ్చగా కనిపించేది, ఎందుకంటే దానికి ఒకప్పుడు ఎవరో శ్రద్ధగా టెస్టులు రాశారు. ఆ టెస్టులు తప్ప దాన్ని పిలిచేవారు ఇంకెవరూ లేరు. అంటే ఆ కోడ్‌ను టెస్టులు బతికించాయి, ఆ కోడ్ ఉందని టెస్టులు బతికాయి. కవరేజీ అనేది ఒక వరుసను పరీక్షించారా లేదా అన్నది చెబుతుంది, ఖాతాదారు దాన్ని వాడుతున్నాడా అన్నది చెప్పదు. ఈ తేడా గుర్తించాక, టెస్టులన్నింటినీ పక్కనపెట్టి, అసలు ప్రోగ్రామ్ మొదలయ్యే చోట్ల నుంచి మాత్రమే ఏది ఏదాకా చేరుతుందో మళ్లీ లెక్క చూశాను. అనుమానితుల జాబితా బాగా పెరిగింది.

ఆ జాబితాలోని ప్రతి క్లాసులోనూ, ప్రతి పెద్ద మెథడ్ మొదట్లోనూ ఒక చిన్న వరుస చేర్చాము. ఆ కోడ్ నడిచిన క్షణంలో తేదీ, మెథడ్ పేరు, ఏ ఖాతాదారు దగ్గర నడిచింది అనే వివరాలు లాగ్‌లో (నమోదు ఫైలులో) పడతాయి. దీన్ని మేము జాడ లాగ్ అనేవాళ్లం. సర్వర్ మీద పనిచేసే ఖాతాదారుల జాడలు వెంటనే మాకు అందేవి. బేగంబజార్‌లో చాలా దుకాణాల్లో మాత్రం ప్రోగ్రామ్ ఇప్పటికీ కౌంటర్ దగ్గరి కంప్యూటర్‌లోనే ఉంటుంది. ఆ జాడలు వారానికోసారి వారు తీసుకునే బ్యాకప్ ఫైలుతో పాటు వచ్చేలా ఏర్పాటు చేశాము. బ్యాకప్ పంపనివారి దగ్గరికి నేనే వెళ్లి తెచ్చుకునేవాణ్ణి.

ఎంతకాలం వేచి చూడాలన్న దాని మీద మా బృందంలో పెద్ద చర్చ జరిగింది. మూడు నెలలు చాలని కొందరు అన్నారు. నేను ఒప్పుకోలేదు. లెక్కల సాఫ్ట్‌వేర్‌కు దాని సొంత పంచాంగం ఉంటుంది. కొన్ని పనులు రోజూ జరుగుతాయి, కొన్ని నెలకోసారి. మార్చి 31న జరిగే ఖాతాల ముగింపు ఏడాదికి ఒక్కసారే వస్తుంది. జీఎస్టీ వార్షిక రిటర్న్‌కు గడువు సాధారణంగా డిసెంబరు 31. మే నుంచి జూలై దాకా మాత్రమే చూస్తే, ఖాతాల ముగింపు కోడ్ మొత్తం అనవసరమైనదిగానే కనిపిస్తుంది. అందుకే ఒక పూర్తి ఆర్థిక సంవత్సరం, దాని వార్షిక రిటర్న్ గడువు కూడా దాటేదాకా జాడ లాగ్‌ను ఉంచాలని పట్టుబట్టాను. ఎవరూ పిలవని కోడ్ వేరు, అరుదుగా పిలిచే కోడ్ వేరు. ఈ రెండింటినీ విడదీయగలిగేది కాలం ఒక్కటే.

ఈ ఓపిక ఎందుకు అవసరమో వ్యాట్ కోడ్ దగ్గర తెలిసింది. జాబితాలో అన్నింటికంటే పెద్దది అదే. 2017 జూలై 1తో వ్యాట్ పోయిందనే మాట మా కార్యాలయంలో అందరికీ ఖాయంగా తెలిసిన విషయం. ఆ మాడ్యూల్‌ను మొదటి విడతలోనే తీసేద్దామని చాలామంది అన్నారు. జాడ లాగ్ పెట్టిన కొద్ది రోజులకే వ్యాట్ లెక్కగట్టే మెథడ్ పేరు అందులో కనిపించడం మొదలైంది, అదీ రోజుకు వందల సార్లు. అవన్నీ పెట్రోల్ బంకుల నుంచే వస్తున్నాయి. పెట్రోలు, డీజిలు, ముడి చమురు, సహజ వాయువు, విమాన ఇంధనం ఇప్పటికీ జీఎస్టీలోకి రాలేదు, తాగే మద్యం కూడా రాలేదు. వీటి మీద రాష్ట్రాలు వ్యాట్‌నే వసూలు చేస్తున్నాయి. అదే బంకులో అమ్మే ఇంజన్ ఆయిల్‌కు మాత్రం జీఎస్టీ వర్తిస్తుంది.

వరంగల్ రహదారిలో ఉన్న ఒక బంకుకు వెళ్లి అక్కడి అకౌంటెంట్‌ను కలిశాను. ఆయన బిల్లులు తీసే తీరంతా పక్కన కూర్చోబెట్టుకుని చూపించారు. మేము వ్యాట్ కోడ్‌ను పరిశీలిస్తున్నామని చెప్పగానే ఆయన ముఖం మారిపోయింది. "సారూ, డీజిల్ మీద ఇంకా వ్యాటే కదా! జీఎస్టీ మాకు ఆయిల్ డబ్బాల మీదనే ఉన్నది. మీరు వ్యాట్ తీసేస్తే నెలకు రిటర్న్ నేను ఎట్ల వెయ్యాలె?" అన్నారు. ఆయనకు ఇది రోజూ చేసే పని. హైటెక్ సిటీలో కూర్చున్న మాకు అది చరిత్ర పాఠంగా మారిపోయింది. ఒక కోడ్ వాడుకలో ఉందో లేదో ఆ కోడ్‌ను ఎంత చదివినా తేలదని, దాన్ని వాడే మనిషి దగ్గరా, దాన్ని రాయించిన చట్టం దగ్గరా విచారించాలని నాకు అక్కడే గట్టిగా అనిపించింది.

ఆ తర్వాత వ్యాట్ మాడ్యూల్‌ను ఒక్క ముక్కగా చూడడం మానేశాము. పెట్రోలు, డీజిలు లెక్కలకు కావలసింది విడదీసి, దానికి ఆ పనిని తెలిపే పేరు పెట్టి ఉంచాము. కిరాణా, మందులు, పైపుల మీద వ్యాట్ లెక్కగట్టే కోడ్‌కు కొత్త బిల్లుల్లో పనిలేదు. అయినా దాని జాడలు అప్పుడప్పుడు కనిపిస్తూనే ఉన్నాయి. ఆరా తీస్తే, వర్తకులు పాత బిల్లుల నకళ్లు తీసుకుంటున్నారని తేలింది. కొందరి పాత వ్యాట్ కేసులు అప్పీళ్లలో ఇంకా నడుస్తున్నాయి, వాటికి ఆనాటి బిల్లులు కావాలి. పాత బిల్లును మళ్లీ ముద్రించమంటే మా ప్రోగ్రామ్ డేటాబేస్‌లో ఉన్న పన్ను మొత్తాన్ని చూపించకుండా, సరుకు విలువకు ఆనాటి రేటు వేసి మొదటి నుంచి మళ్లీ లెక్కగట్టేది. అందుకోసమే 4 శాతం 5 అయినప్పుడు, 12.5 శాతం 14.5 అయినప్పుడు మారిన రేట్ల పట్టికలన్నీ, వాటి చుట్టూ అల్లుకున్న మినహాయింపులన్నీ బతికే ఉన్నాయి.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం గమనించాము. ఒకప్పుడు ఈ లెక్కలను దశాంశాలను సుమారుగా దాచే డబుల్ రకపు సంఖ్యలతో చేసేవారు, తర్వాత కచ్చితంగా దాచే బిగ్‌డెసిమల్‌కు మార్చారు. అందువల్ల నేటి కోడ్ మళ్లీ లెక్కగడితే కొన్ని పాత బిల్లుల్లో పన్ను ఒక పైసా అటో ఇటో తేలుతోంది. అసలు బిల్లులో ఒక మొత్తం, నకలులో మరో మొత్తం ఉంటే అప్పీలు అధికారి ముందు వర్తకుడు ఏమని జవాబు చెప్పుకుంటాడు? బిల్లు రాసిన రోజున లెక్కగట్టిన మొత్తాలన్నీ డేటాబేస్‌లో భద్రంగానే ఉన్నాయి. కాబట్టి పాత బిల్లుకు లెక్క అవసరం లేదు, ఉన్నదాన్ని ఉన్నట్టు చూపించే చిన్న ముద్రణ కోడ్ చాలు. ముందుగా ఖాతాదారుల అనుమతితో వారి పాత బిల్లులన్నింటి మీద రెండు పద్ధతులనూ నడిపి, ఫలితాలను పోల్చి, తేడా ఉన్న ప్రతిచోటా నిల్వ ఉన్న మొత్తమే అసలు కాగితంతో సరిపోతోందని నిర్ధారించుకున్నాము. ఆ తర్వాత వ్యాట్ రేట్ల పట్టికలు, మినహాయింపులు, వాటి టెస్టులు అన్నీ ఒకేసారి తొలగిపోయాయి. ఈ మొత్తం పనిలో నాకు అత్యంత సంతృప్తినిచ్చిన తొలగింపు ఇదే, ఎందుకంటే ఆ కోడ్ పోవడం వల్ల ప్రోగ్రామ్ చిన్నదవడమే కాక ఖాతాదారుకు ముందుకంటే సరైన కాగితం చేతికొచ్చింది.

కొన్ని క్లాసులు ఎందుకు ఉన్నాయో ఎవరికీ తెలియదు. అటువంటి ఒక క్లాసు సరుకును ఒకే రాత్రి రెండు ఖాతాల మధ్య మారుస్తుంది. ఏ వరుస ఎవరు, ఎప్పుడు రాశారో చూపే గిట్ బ్లేమ్ చూస్తే, అంతకు ముందు వాడిన సబ్‌వెర్షన్ నుంచి గిట్‌కు మారిన రోజు తప్ప మరేమీ కనిపించదు. సంస్థ వదిలి వెళ్లి చాలా ఏళ్లయిన ఒక పెద్దాయన నంబరు సంపాదించి ఫోన్ చేశాను. ఆయన వెంటనే గుర్తుపట్టారు. 2014 జూన్ 1 రాత్రి హైదరాబాద్ గోదాముల నుంచి బయల్దేరి, మరునాడు విజయవాడ, కర్నూలు బ్రాంచీలకు చేరిన లారీల సరుకు కోసం రాసిన కోడ్ అది. బయల్దేరినప్పుడు అది రాష్ట్రం లోపలి రవాణా, దిగేటప్పటికి అది అంతర్రాష్ట్ర రవాణా. ఆ దారిలో ఉన్న సరుకు ఏ ఖాతాలో చూపాలో తేల్చడానికి ఆ రాత్రి ఆయన కార్యాలయంలోనే ఉండి దాన్ని రాశారట. "ఒక్క రాత్రికే బాబూ అది. ఇంకా ఉందా?" అని ఆశ్చర్యపోయారు. ఆయన చెప్పిన కారణమంతా కమిట్ సందేశంలో పూర్తిగా రాసి, ఆ క్లాసును తొలగించాను. కోడ్ ఉన్నన్నాళ్లూ దాని కారణం ఎక్కడా రాసి లేదు, అది పోయిన రోజున చరిత్రలో చేరింది. అటువంటి సందేశాలు రాయడానికి పట్టే సమయాన్ని నేను ఎన్నడూ వృథా అనుకోలేదు.

ఒక కోడ్ నడవాలా వద్దా అన్నది నిర్ణయించే స్విచ్‌ల విషయంలో మాత్రం మేము మరింత కఠినంగా ఉన్నాము. మా సెట్టింగుల పట్టికలో కృషి కల్యాణ్ సెస్సు కోసం పెట్టిన ఒక గడి ఉంది. ఆ సెస్సు 2017 జూలైలో పోయాక, ఖాళీగా ఉంది కదా అని దాన్ని మరో పనికి వాడుకుందామనే ప్రతిపాదన ఒక కొత్త ఫీచరు సమయంలో వచ్చింది. నేను దాన్ని గట్టిగా వ్యతిరేకించాను. 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల ట్రేడింగ్ సంస్థకు జరిగింది ఇదే. ఆ సంస్థ 2003లోనే వాడడం మానేసిన పవర్ పెగ్ అనే కోడ్‌ను తీసేయకుండా అలాగే ఉంచింది. కొత్త ఫీచరు కోసం ఆ పాత కోడ్‌ను నడిపించే స్విచ్‌నే మళ్లీ వాడింది. ఎనిమిది సర్వర్లలో ఒకదానికి కొత్త కోడ్ చేరలేదు. స్విచ్ వేయగానే ఆ ఒక్క సర్వర్‌లో పాత కోడ్ లేచి, ఆపకుండా ఆర్డర్లు పంపింది. సుమారు 45 నిమిషాల్లో 46 కోట్ల డాలర్లకు పైగా నష్టం వచ్చిందని అక్కడి నియంత్రణ సంస్థ తన 2013 ఉత్తర్వులో నమోదు చేసింది. తొమ్మిదేళ్లుగా నడవని కోడ్ అది. ఆ ఉత్తర్వును మా సమావేశంలో చదివి వినిపించాక, స్విచ్‌ల మీద ఒక నియమం పెట్టుకున్నాము. స్విచ్, అది నడిపే కోడ్ ఒకే రిలీజులో పోవాలి, ఆ పేరును గాని గడిని గాని మళ్లీ వాడకూడదు.

లైబ్రరీల తొలగింపు దీనికి దగ్గరి విషయమే. మా ఇన్‌స్టాలర్‌లో, లాగ్‌లు రాయడానికి ఇతరులు తయారుచేసిన లాగ్‌ఫోర్‌జె లైబ్రరీ మొదటి తరం జార్ ఫైలు (జావా కోడ్ మూట) ఉండేది. దాని నిర్వహణ 2015 ఆగస్టులోనే ఆగిపోయింది, మా కోడ్ కూడా దాన్ని ఎప్పుడో వదిలేసింది. 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జె రెండో తరంలో భద్రతా లోపం బయటపడినప్పుడు ప్రపంచమంతా తమ సర్వర్లలో ఏ జార్ ఫైళ్లు ఉన్నాయో వెతుక్కుంది. ఆ లోపం దాగి ఉన్న జేఎన్‌డీఐ లుకప్ (బయటి సర్వర్ నుంచి వివరాలు తెచ్చేది) చాలామంది తాము ఎన్నడూ వాడని, ఉందని కూడా తెలియని సదుపాయం. అది 2013లో చేరింది, ఎవరూ పిలవకపోయినా తలుపు తెరిచే ఉంది. మనం రాయని కోడ్‌లో కూడా మనం వాడని భాగానికి మనమే పూచీ పడవలసి వస్తుంది. ఈ విడతలో వాడని జార్‌లన్నీ పోయాయి. సంబంధం లేనట్టు కనిపించిన ప్రతిదాన్నీ తీసేసి, ప్రోగ్రామ్‌ను మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేసి, ప్రతి రిపోర్టూ తెరిచి చూశాము.

తొలగింపులన్నీ చిన్న చిన్న కమిట్‌లుగానే చేశాము. ఒక కమిట్‌లో ఒక విషయం, దానికి ఒక కారణం, జాడ లాగ్ ఏమి చూపించిందో ఒక వాక్యం. తొలగింపుతో పాటు అదే కమిట్‌లో పేర్లు మార్చడం, కోడ్ సర్దడం వంటివి నిషేధించాము. ఏదైనా తిరిగి కావలసి వస్తే ఒక్క రివర్ట్‌తో ఆ ముక్క మాత్రమే వెనక్కి రావాలి. ఒక విడత పూర్తయ్యాక సాధనాన్ని మళ్లీ నడిపితే కొత్త పేర్లు బయటపడేవి, ఎందుకంటే వాటిని పిలిచే చివరి మెథడ్ అంతకు ముందటి విడతలో పోయి ఉంటుంది. ఇలా ప్రతి విడతలోనూ జరిగింది.

మా బృందంలో ఒక సీనియర్ సహోద్యోగి మొదటి నుంచీ సందేహంతోనే ఉన్నారు. "నడుస్తున్నదాన్ని ముట్టుకోవడం ఎందుకన్నా, ఎక్కడ ఏది తెగుతుందో!" అనేవారు. ఆయన భయం న్యాయమైనదే, ఎందుకంటే నెలాఖరులో రిటర్న్ ఆగిపోతే ఖాతాదారుల ఫోన్లు వచ్చేది ఆయనకే. నేను ఆయనకు పెద్ద ప్రాజెక్టుల ఉదాహరణలు చూపించాను. 2018లో వచ్చిన లినక్స్ 4.17 కెర్నల్ (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగం) నుంచి ఎనిమిది పాత ప్రాసెసర్ రకాల కోడ్‌ను, సుమారు 5 లక్షల వరుసలను తొలగించారు. 2010లో ఓపెన్‌ఆఫీస్ నుంచి విడివడిన లిబ్రేఆఫీస్ అనే ఉచిత ఆఫీసు సాఫ్ట్‌వేర్‌లో, ఎవరూ పిలవని మెథడ్‌ల పేర్లను ఒక ఫైలులో జాబితాగా ఉంచి, కొత్తగా చేరిన వలంటీర్లకు తొలి పనిగా ఇచ్చేవారు. కానీ ఆయనను ఒప్పించింది ఈ ఉదాహరణలు కావు. ప్రతి తొలగింపును ఆయనే చివరగా పరిశీలించాలని, ఆయన వద్దన్నది ఆగాలని నిర్ణయించాము. పరిశీలన ఆయన చేతికి వచ్చాక, నాకు తెలియని వాడుకలు ఎన్నో ఆయన బయటపెట్టారు. వాటిలో ఒకటి మందుల డిస్ట్రిబ్యూటర్ల దగ్గర ఉంది. మేము అనవసరమనుకున్న ఒక పాత ఎగుమతి ఫైలు ఆధారంగా వారి అకౌంటెంట్లు ఎక్సెల్‌లో సొంతంగా మాక్రోలు (పనిని వాటంతట అవే చేసే ఆదేశాల వరుసలు) రాసుకున్నారు. కోడ్‌లో మేము పిలిచేది ఏమీ లేదు, జాడ లాగ్‌లో అది ఇతర ఎగుమతులతో కలిసిపోయింది, కానీ బయట ఆ ఫైలు మీద ఒక కార్యాలయపు నెల పని ఆధారపడి ఉంది. దాన్ని వెంటనే తీయలేదు. ఆ మెథడ్ మీద త్వరలో తొలగిస్తామనే గుర్తు పెట్టి, తెర మీద ఆ మాట కనిపించేలా చేసి, కొత్త ఫైలుకు మాక్రోలను మార్చడంలో వారికి సాయపడి, ఆ తర్వాతే తొలగించాము.

డేటాబేస్ నిలువు వరుసలను అన్నింటికంటే చివర తీశాము. కోడ్‌ను రివర్ట్ చేయవచ్చు, పోయిన డేటాను రివర్ట్ చేయలేము. ముందు వాటిలోకి రాయడం ఆపాము, తర్వాతి రిలీజులో వాటి నుంచి చదవడం ఆపాము, ఆ తర్వాత ఒక రిలీజు దాటాక, ఖాతాదారు దగ్గర బ్యాకప్ ఉందని చూసుకుని తొలగించాము. బిల్లులకు సంబంధించిన ఏ నిలువు వరుసనూ ముట్టుకోలేదు, ఎందుకంటే జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కల పుస్తకాలను వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు భద్రపరచాలి.

ప్రోగ్రామ్ ఇప్పుడు జావా 17 మీద నడుస్తోంది. సేవా పన్ను, సెస్సులు, యాప్లెట్లు, ఆ లారీల రాత్రి, కిరాణా వ్యాట్ ఇందులో లేవు. కొన్నింటిని తెలిసే ఉంచాము. ఈ-వే బిల్లులో వాహనం నంబరును సరిచూసే కోడ్‌లో ఏపీ, టీఎస్, టీజీ మూడూ ఉన్నాయి. 2024 మార్చి మార్పుకు ముందు రిజిస్టరైన టీఎస్ లారీలు అదే నంబరుతో తిరుగుతున్నాయి కాబట్టి అది ఇంకా చాలా ఏళ్లు ఉండాలి, ఆ మాట కోడ్ పక్కనే రాశాము.

ఇప్పుడు మా ముందున్నది 12 శాతం జీఎస్టీ శ్లాబు. 2025 సెప్టెంబరు 22న చాలా సరుకులు దాని నుంచి 5 శాతానికి మారాయి. కొత్త బిల్లుల తెర నుంచి వాటికి ఆ రేటును తీసేశాము. కానీ అంతకు ముందు 12 శాతంతో అమ్మిన సరుకు తిరిగొస్తే క్రెడిట్ నోట్ (బిల్లు మొత్తాన్ని తగ్గించే పత్రం) పాత రేటుతోనే ఇవ్వాలి. 2025-26 ఆర్థిక సంవత్సరపు అమ్మకాలకు సంబంధించిన క్రెడిట్ నోట్లను, వార్షిక రిటర్న్ అంతకంటే ముందే దాఖలు చేయకపోతే, 2026 నవంబరు 30 దాకా రిటర్న్‌లో చూపవచ్చు. అందుకని ఆ కోడ్ మీద జాడ లాగ్ ఇప్పుడే పెట్టాము. దాని తొలగింపును పరిశీలించవలసిన తేదీ, అంతకు ముందు అడిగి తెలుసుకోవలసిన ఖాతాదారుల జాబితా, ఆ రేటు ఎందుకు ఉండేదో చెప్పే నాలుగు వాక్యాలు ఆ పని కోసం తెరిచిన టికెట్‌లో రాసి ఉంచాను. ఆ తేదీ నాటికి నేను ఈ సంస్థలో లేకపోయినా, దాన్ని తెరిచినవారు ఎవరికీ ఫోన్ చేయనవసరం లేకుండా పని మొదలుపెట్టగలరు.